సేనాపతి దణ్ణం

ఆ నాటకంలో నాకు మొదటినుంచీ మింగుడుపడనిది ఒక్కటే. పాపం చేసినవాడికి నిద్ర పట్టదట. ఇంటికి అతిథిగా వచ్చిన రాజును చంపిన సేనాపతి కంటి మీద కునుకు లేకుండా తిరుగుతాడట. అతని భార్య లేని రక్తాన్ని చేతుల మీద చూసుకుని కడుక్కుంటూనే ఉంటుందట. చదువుతున్నప్పుడల్లా నవ్వొచ్చేది. రాసినాయన బర్మాలో మా మింగళ తౌంగ్‌న్యున్‌లో కొన్నాళ్లు అద్దెకుండి ఉంటే ఆ రంగం జోలికి వెళ్లేవాడు కాదు. మా వీధిలో తోడబుట్టినవాడి వాటా మింగినవాళ్లున్నారు, గుడి కమిటీలో కుర్చీ కోసం సొంత మేనమామను గెంటినవాళ్లున్నారు. కరెంటు పోయి ఫ్యాను ఆగినా, మధ్యాహ్నం ఉక్కలో కూడా వాళ్లు హాయిగా గురక పెడతారు. గోడలు పలచన కాబట్టి అందరి గురకలూ నాకు తెలుసు.

నాకు ముప్పై దాటాక చదువు మీద బుద్ధి పుట్టింది. అప్పటిదాకా మా నాన్న పప్పుల కొట్లో కూర్చుని శనగలు, పెసలు తూచాను. ఇంగ్లీషు సాహిత్యం పరీక్ష ప్రైవేటుగా కట్టి పాసైతే ఏదో ఒక బడిలో పాఠాలు చెప్పుకోవచ్చని ఆశ. ఆ పరీక్షకు ఈ నాటకం ఉంది. దాన్ని చెప్పగలిగిన మనిషి మా చుట్టుపక్కల ఒక్కరే, మా సయామ. సయామ అంటే ఇక్కడ టీచరమ్మ. ఆమె మా తెలుగువాళ్లే, గంజాం వైపు నుంచి వచ్చిన కుటుంబం. బడిలో పనిచేసి రిటైరయ్యాక, భర్త పోయాక, మూడో అంతస్తులోని తన ఇంట్లోనే మధ్యాహ్నాలు క్లాసు నడిపేది. కింద వేలాడే తాడు లాగితే పైన బాల్కనీలో గంట మోగేది. ఆమె తాళంచెవి అదే తాడుకు కట్టి కిందికి వదిలేది.

క్లాసులో నేనొక్కదాన్నే పెద్దదాన్ని. మిగతావాళ్లంతా పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. పరీక్ష పాసై దేశం దాటాలని వాళ్ల తల్లిదండ్రుల ఆరాటం. ఆ నాటకం వాళ్లకు విమానం మెట్టు, అంతకు మించి ఏమీ కాదు. నన్ను చూసి మొదట్లో ఎవరి తల్లో అనుకుని లేచి నిలబడ్డారు. పుస్తకం తెరిచాక వాళ్లలో వాళ్లు నవ్వుకున్నారు. నవ్వుకోనీ అని ముందు బెంచీలో కూర్చున్నాను.

ఈ ఊళ్లో చదవడమంటే అరవడం. సయా, అంటే మాస్టారు, ఒక ముక్క చెబుతాడు, పిల్లలు గొంతెత్తి అదే ముక్క అంటారు. మళ్లీ చెబుతాడు, మళ్లీ అంటారు. ఏ బడి పక్కనుంచి వెళ్లినా వీధి దద్దరిల్లుతుంది. అర్థం సంగతి ఎవరూ అడగరు, అడిగితే అమర్యాద. సయామ ఒక్కతే వేరు. నాటకంలో ఒక రంగం చదివించి, పుస్తకం మూయించి, అది మన వీధిలో జరిగినట్టు చెప్పమనేది.

"రాజు ఇంటికొచ్చినాడు. అన్నం ఎట్టినారు. పక్కేసినారు. ఆ మనిషిని సంపాలంటే ముందు దేన్ని సంపాల?" అని ఒకరోజు అడిగింది.

పిల్లలు కాపలావాళ్లను అన్నారు, దీపాన్ని అన్నారు. కుక్కను అన్నవాడు కూడా ఉన్నాడు. సయామ తల అడ్డంగా ఊపుతూ ఉంది. చివరికి తనే చెప్పింది. "అన్నం తింతున్నప్పుడు ఆ రాజు నవ్వినాడు కద, ఆ నవ్వుని ముందు మర్సిపోవాల. అది మర్సిపోగలిగినోడే కత్తి అట్టుకోగలడు."

నేను ఆ రోజు ఇంటికెళ్లి కొట్లో కూర్చుని బేరాలు తప్పు చెప్పాను. అంత బాగా ఎవరైనా పాఠం చెప్పగా నేను వినలేదు.

ఇక మా సేనాపతి. వాడి పేరు చెప్పి నోరు పాడుచేసుకోను. కోస్తా నుంచి వచ్చి బట్టల వ్యాపారం చేసిన కుటుంబంలో కుర్రవాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్క వరసన అప్పా అని పిలిచేవాడు. పలక పట్టిన రోజు నుంచీ సయామ దగ్గరే చదివాడు. జ్వరమొస్తే ఆమె ఇంట్లోనే గంజి తాగి పడుకున్నాడు. పెద్దయ్యాక ఆమే వాణ్ణి తన సాయానికి పెట్టుకుంది. చిన్నపిల్లలకు వాడు అరుపుల పాఠం చెప్పేవాడు. గొంతు బాగుండేది, తల దువ్వుకునేవాడు, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే భక్తిగా తల పంకించేవాడు. అంతకు మించి వాడిలో సరుకేమీ లేదని నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. మనిషి నాటకమంతా నోటికి అప్పజెబుతాడు, అందులో ఒక్క వాక్యం కూడా వాడికి తగల్లేదు.

ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి గది పొయ్యిలా ఉన్నప్పుడు, సయామ మూడో అంకం చెబుతూ ఐదో అంకంలోకి వెళ్లిపోయింది. ఎవరికైనా జరుగుతుంది. తనే గమనించి, నీళ్లు తాగి, వెనక్కి వచ్చింది. మేం మర్చిపోయాం. వాడు మర్చిపోలేదు.

వాడు ఎక్కడా కోపంగా మాట్లాడలేదు. జాలిగా మాట్లాడాడు. గుడిలో ఒకరి దగ్గర, చిమిండైంగ్ బజార్లో మరొకరి దగ్గర, సయామకు ఈమధ్య మతి తప్పుతోందని, పెద్దావిడ కదా అని, మనమే చూసుకోవాలి కదా అని. ఆ జాలి ఎంత శుభ్రంగా ఉందంటే విన్నవాళ్లంతా దాన్ని ఇంటికి తీసుకెళ్లారు. వారం తిరక్కుండా మా కొట్టు దగ్గర కందిపప్పు కొనడానికి వచ్చిన ఒక తల్లి నాతోనే అంది.

"ఏటే, సయామకి మతి పోనాదట కద. సూసినావా? ఒండిన కూర మర్సిపోయి మళ్లా ఒండేస్తందట."

"ఎవలు సెప్పినారు?"

"అందరూ అంతన్నారు."

అందరూ అంటున్నారట. నేను ఆమెకు కందిపప్పు ఇవ్వకుండా పంపేద్దామనుకున్నాను. మా నాన్న చూస్తున్నాడని ఇచ్చాను. మా జనానికి ఒక విద్య బాగా వచ్చు. ఒక మాట నిజమో కాదో చూడ్డానికి మూడంతస్తులు ఎక్కరు. అదే మాట చెప్పడానికి మాత్రం ఇన్సేన్ దాకా రైలెక్కి వెళతారు.

పిల్లలు తగ్గారు. ఒకరికి కడుపునొప్పి, ఒకరికి సమయం కుదరదు, ఒకరి తండ్రి ఫోనే ఎత్తలేదు. వర్షాలు మొదలయ్యేసరికి చిమిండైంగ్ బజారు దగ్గర వాడి సొంత ట్యూషను హాలు తెరుచుకుంది. ఏసీ, జనరేటరు, గుమ్మం మీద చేతులు కట్టుకున్న వాడి నిలువెత్తు బొమ్మ. నిన్నటిదాకా తమ్ముడు, ఇవాళ సయా. ఏం చెబుతున్నాడో చూద్దామని ఒకసారి కూరగాయలకు వెళ్లినట్టు వెళ్లి గుమ్మం బయట నిలబడ్డాను. అదే నాటకం. పేరాశ వలన పతనం కలుగును, అని వాడంటే పిల్లలంతా పేరాశ వలన పతనం కలుగును అని అరిచారు. అపరాధ భావము మనిషిని దహించును, అన్నాడు. దహించును అన్నారు. వాడి ముఖం చల్లగా, తాజాగా ఉంది. ఏసీ బాగా పనిచేస్తున్నట్టుంది.

సయామ దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను. ఖాళీ బెంచీల మధ్య నాకొక్కదానికే నిలబడి పాఠం చెప్పేది. ఎవరి మీదా ఒక్క మాట అనేది కాదు. నాకు అసలు భయం అక్కడే మొదలైంది. ఒక్క మాట తప్పు పలికితేనే మండిపడే మనిషి తిట్టాలి కదా. తిట్టలేదు. గ్యాసు కట్టానా అని పాఠం మధ్యలో లేచి వెళ్లి చూసి వచ్చేది. మళ్లీ వెళ్లేది. తాళంచెవి చేతిలోనే పట్టుకుని కూర్చునేది. ఒకరోజు పుస్తకం నా చేతికిచ్చి, "నాను మొదట్నించి సెప్తాను, నువ్వు సూడు. ఎక్కడ తప్పితే అక్కడ ఆపు" అంది.

మొదటి అంకమంతా చెప్పింది. ఆపవలసిన చోటు రాలేదు.

"ఆపలేదేటి? నా మీద జాలి సూపిత్తన్నావా?" అంది.

"లేదు సయామా, ఎక్కడా తప్పలేదు."

"మళ్లా సూడు" అని మళ్లీ మొదలుపెట్టింది.

పుస్తకం మీద వేలు పెట్టి వింటూ కూర్చున్నాను. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వాడు క్లాసును పట్టుకుపోతే పట్టుకుపోయాడు, పిల్లలు గొర్రెలు, ఎక్కడ చల్లగా ఉంటే అక్కడికి పోతారు. కానీ ఆమెకు తన బుర్ర మీద ఉన్న నమ్మకాన్ని కూడా పట్టుకుపోయాడు. ఆ ముసలావిడకు అదొక్కటే ఆస్తి.

వర్షాలు తగ్గి తడింజుట్ పండుగ వచ్చింది. ఈ పండుగకు ఇక్కడ ఒక ఆచారం ఉంది, గడో అంటారు. పెద్దవాళ్లను, చదువు చెప్పినవాళ్లను కూర్చోబెట్టి, అరటిగెల, కొబ్బరికాయ, కొత్త బట్ట ముందు పెట్టి, మోకాళ్ల మీద వంగి దణ్ణం పెట్టాలి. బర్మా భాషలో ఒక మంత్రంలాంటిది చదవాలి. ఒంటితో గానీ, మాటతో గానీ, మనసుతో గానీ, తెలిసీ తెలియకా ఏ తప్పు చేసి ఉన్నా క్షమించమని అర్థం. ముందు కూర్చున్నవాడు ఒక్కో ముక్క చెబుతాడు, వెనకవాళ్లు అందుకుంటారు. అది పూర్తికాగానే పెద్దవాళ్లు దీవించాలి. కాదనకూడదు. చేసిన తప్పు ఏమిటో చెప్పనక్కర్లేదు, అవతలివాళ్లు అడగనూ కూడదు. మేం హిందువులమైనా ఈ ఆచారాన్ని మాత్రం చటుక్కున పట్టేసుకున్నాం. ఏడాదంతా చేసినది ఒక్క అరటిగెలతో చెల్లిపోతుంటే ఎవరు వదులుకుంటారు.

గడోకి మా సేనాపతి వస్తాడని కబురొచ్చింది. భక్తి పుట్టుకొచ్చి కాదు. కొత్త సయా తన సయామకు దణ్ణం పెట్టుకున్నాడా లేదా అని తల్లిదండ్రులే అడగడం మొదలుపెట్టారు. ఆమెకు మతి పోయిందని నమ్మినవాళ్లే, ఆమె దీవెన మాత్రం కావాలన్నారు. దీవెన లేని గురువు దగ్గర చదివితే పిల్లలకు అచ్చిరాదట. మతిపోయిన మనిషి దీవెన ఎలా పనిచేస్తుందో వాళ్లకే తెలియాలి.

"తలుపు తియ్యొద్దు సయామా" అన్నాను.

"గడోకొచ్చినోల్లకి తలుపెయ్యకూడదే" అంది. పెట్టెలోంచి ఇస్త్రీ చీర తీసి కట్టుకుంది.

పొద్దున్నే వచ్చారు. వాడు పట్టు లుంగీలో ముందు, వెనక హాలు పిల్లలందరూ, గుమ్మం దగ్గర తల్లులు. మా కొట్లో కందిపప్పు కొన్నావిడ కూడా ఉంది. సయామ ఒకప్పుడు పాఠం చెప్పిన గది నిండిపోయింది. వాడు ముందుగా ఒక స్టాండు తెరిచి ఫోను బిగించి, అది తన ముఖం వైపు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, అప్పుడు మోకరిల్లాడు. సయామ కుర్చీలో నిటారుగా కూర్చుంది. నేను ఆమె పక్కన నిలబడ్డాను.

వాడు మంత్రం ఎత్తుకున్నాడు. ఒంటితో గానీ, అన్నాడు. ఒంటితో గానీ, అని పిల్లలు గది అదిరేలా అన్నారు. మాటతో గానీ. మాటతో గానీ. మంచి గొంతు, ఎక్కడా తడబాటు లేదు. పూర్తయింది. అందరూ నేల మీద నుదురు ఆనించి దీవెన కోసం ఆగారు.

దీవెన రాలేదు. సయామ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. వాడు తలెత్తి చూశాడు.

"ఏటి తప్పు సేసినావు బావూ?" అని ఆమె తెలుగులో అడిగింది. చాలా మామూలుగా అడిగింది, పాఠంలో ప్రశ్న అడిగినట్టే.

వాడు నవ్వాడు. "అదే సయామా, తెలిసీ తెలియకా ఏదైనా..."

"అది అందరూ సెప్పేదే. నువ్వు సేసిందేటి? నాకు మతి లేదు కద, గుర్తుండదు. నువ్వే సెప్పాల."

గుమ్మం దగ్గర చీరల చప్పుడు ఆగిపోయింది. వాడు ఫోను వైపు చూశాడు, తల్లుల వైపు చూశాడు. వాడి ముఖంలో నేను పశ్చాత్తాపం కోసం వెతికాను, నిజంగానే వెతికాను, నాటకం చదివినదాన్ని కదా. అక్కడ ఉన్నది చిరాకు. రైలు ఆలస్యమైనవాడి ముఖంలో ఉండే చిరాకు. తొందరగా తేల్చేస్తే పోతుందనుకున్నాడు. చేతులు జోడించే ఉన్నాయి, నోరు మంత్రం ధోరణిలోనే ఉంది. తల వంచి గబగబా బర్మా భాషలో అనేశాడు.

"సయామకు మతి పోయిందని నేను అందరితో చెప్పాను."

పిల్లలు అందుకున్నారు. చెప్పింది తిరిగి చెప్పడం తప్ప వాడు వాళ్లకు ఇంకేమీ నేర్పలేదు. నేలకు ఆనించిన తలలు ఎత్తకుండా, గొంతులు కలిపి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అన్నారు.

"సయామకు మతి పోయిందని నేను అందరితో చెప్పాను."

"కాదు, ఆగండి" అన్నాడు వాడు.

"కాదు, ఆగండి" అన్నారు పిల్లలు.

నాకు నవ్వు రాలేదు. గుమ్మం దగ్గరున్న తల్లులకూ రాలేదు. ఎవరి పిల్ల గొంతు వాళ్లకు తెలుసు. వాళ్లు బజార్లో, గుడిలో, మా కొట్లో అన్న మాటే పిల్లల నోట తిరిగి వచ్చింది. కందిపప్పు ఆవిడ బాల్కనీ వైపు తిరిగి, అక్కడ చూడ్డానికి ఏమీ లేకపోయినా చూస్తూ నిలబడింది. ఒక్కరైనా లోపలికి వచ్చి ఆ ముసలావిడ చెయ్యి పట్టుకుంటారేమోనని ఎదురుచూశాను. ఎవరూ గడప దాటలేదు. అంత సిగ్గుపడ్డవాళ్లు కూడా చెప్పులు ఎక్కడ విడిచారో మాత్రం మర్చిపోలేదు.

సయామ చేతులు ఎత్తింది. బర్మా భాషలో దీవెన మొదలుపెట్టింది. ఆరోగ్యం, ఆయుష్షు, చదువు, దారిలో క్షేమం, శత్రువుల నుంచి రక్ష, ఒక్కొక్కటీ నిదానంగా, తూచినట్టు చెప్పింది. పిల్లలందరి మీదుగా చూస్తూ చెప్పి, చివర్లో వాడి తల మీద చెయ్యి పెట్టింది. నేనైతే ఆ తలను గోడకేసి కొట్టేదాన్ని.

వాడు లేచాడు. ముఖం తేటపడింది. తలంటు పోసుకున్నవాడిలా హాయిగా ఉన్నాడు. ఫోను ఆపి, అందులో కొంత ముక్క కోసెయ్యమని ఒక పిల్లవాడికి చెప్పాడు. అరటిగెల సయామ కాళ్ల దగ్గరికి ఇంకొంచెం జరిపి, "ఇప్పుడు మనసు తేలికైపోనాది సయామా" అన్నాడు. అబద్ధం కాదు. నిజంగానే తేలికైంది వాడికి. చేతులు కడుక్కున్నాడు, మరక పోయింది, వెళ్లిపోయాడు. మర్నాడు వాడి హాల్లో అంతమంది పిల్లలూ ఉన్నారని విన్నాను. ఒక్కరు కూడా సయామ తాడు లాగలేదు.

ఆ పొద్దున మెట్ల మీద వాళ్ల మాటలు, నవ్వులు కిందికి దిగిపోయేదాకా సయామ కుర్చీలోంచి లేవలేదు. నేను వెళ్లి తలుపు వేసి వచ్చాను. నాకు ఒళ్లంతా గర్వంగా ఉంది. ఇంతమంది ముందు వాడి నోటితోనే కక్కించింది, ఇక ఆమెను ఎవరూ ఏమీ అనలేరు, అనుకున్నాను. ఆ మాటే చెబుదామని ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను.

ఆమె నా భుజం పట్టుకుంది.

"అమ్మాయ్, దీవెన మొత్తం సెప్పినానా? మద్దిలో ఏటైనా వదిలేసినానా?"

"ఒక్క ముక్క కూడా వదల్లేదు సయామా" అన్నాను.

ఆమె నా కళ్లలోకి చాలాసేపు చూసింది. నన్ను నమ్మలేదు.